మా నాయనకు పోలియో చుక్కలు

నా మీద మోపిన నేరం ఇది: రోజూ వాడేవాళ్ళ కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ను, ఏమీ తెలియని బయటి మనిషినై విమర్శిస్తున్నానట. మోపినవాడు మా బావ. తిరుపతిలో ఒక ఆసుపత్రి టోకెన్ల సాఫ్ట్‌వేర్ అతని సృష్టే. జవాబు చెబుతున్నాను.

ఈ ఉదయం మోకాలి నొప్పితో ఉన్న నాయనను అక్కడికే తీసుకెళ్ళాను. కౌంటర్లోని అక్క తెర వైపు చూడకుండానే టకటకా మీటలు నొక్కింది. కాసేపటికి నర్సు నాయన పేరు పిలిచి, "బిడ్డ యాడప్పా?" అని అడిగింది. ఎముకల డాక్టరు మీట పక్కనే పిల్లల టీకాల మీట ఉందట!

"మార్చక్కా," అన్నాను కౌంటర్ దగ్గరికి తిరిగెళ్ళి.

"ఒకసారి నొక్కితే మారదు పాపా. కొత్త టోకెన్ తీసుకోని మళ్ళా వరస చివర్న నిలబడాల."

నాయన మోకాలు పట్టుకుని, "నిలబడేదానికన్నా ఆ పోలియో చుక్కలే ఏపిచ్చుకోని పోదాం పదమ్మా," అన్నాడు.

బావకు ఫోన్ చేసి, తప్పు నొక్కితే మార్చే మీట ఎందుకు పెట్టలేదని అడిగాను. "అలవాటైనోళ్ళకి స్పీడు గావాల మే, నీకు తెలీదు," అన్నాడు.

వేగం కావాలి, ఒప్పుకుంటాను. కానీ వేగంగా కదిలే చేతికి పొరపాటూ వేగంగానే వస్తుంది. కనుక నొక్కినదాన్ని వెనక్కి తీసుకునే మీట, కొత్తవాళ్ళకంటే ముందు ఆ అక్కకే అవసరం.

సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులారా, "వాడగా వాడగా అలవాటవుతుంది" అనే ముందు, నొప్పి మోకాలితో ఆ వరసలో ఒక గంట నిలబడి రండి. వాదన అప్పుడు మొదలుపెడదాం.