సీరియల్‌తో పొయ్యి ముట్టించినవాణ్ణి

ముందుగా, ప్రమాదం జరిగిన స్థలంలో ఉన్నవారి, ఉన్నవాటి జాబితా.

మనుషులు: మా అక్క, మా బావ, వాళ్ల కూతురు సరిత, నేను. వస్తువులు: వాకిట్లో బొగ్గు పొయ్యి ఒకటి, అగ్గిపెట్టె ఒకటి, బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి, కొత్త చెక్క అర ఒకటి, దాని మీద పుస్తకాలు తొమ్మిది, నా మెకానికల్ డిప్లొమా ఒకటి. వీటిలో నిజంగా ప్రమాదకరమైనది చివరిదే. అగ్గిపెట్టె తనంతట తాను ఎవరి జోలికీ పోదు.

ఎనభైల నడుమ సంగతి. అప్పుడే పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఇల్లందులో గని వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, అక్కావాళ్ల క్వార్టర్లో ఉంటున్నాను. బావ హాలేజీ ఆపరేటరు. అంటే బొగ్గు తొట్లను ఇనుప తాడుతో గనిలోంచి పైకి లాగే ఇంజను నడుపుతాడు. రోజుకు ఎనిమిది గంటలు ఆ మోత వినీ వినీ ఇంటికొస్తే నోరు విప్పడు. విప్పాడంటే ఒక్క ముక్కతో మనిషిని కూర్చోబెడతాడు.

సరితకు పదకొండేళ్లు. వేసవి సెలవులు మొదలైన రోజు అక్క నాకు ఉద్యోగం అప్పజెప్పింది.

"తమ్మీ, గింత చదువు చదివినవ్. ఈ పిల్లకు జర పుస్తకం మీద మనసు పడేటట్టు చెయ్యి. పుస్తకం కనబడితే చాలు, కాకరకాయ కషాయం చూసినట్టు మొహం పెడ్తది."

చదివిన చదువుకు ఎవరైనా పని చెబితే ఆ వయసులో ఎంత పొంగిపోతామో మీకు తెలియనిది కాదు. ఆ రాత్రే పథకం గీశాను. ప్యాకింగ్ పెట్టె చెక్కతో అర చేశాను. వర్క్‌షాపు నుంచి మట్టం చూసే స్పిరిట్ లెవెల్ తెచ్చి అరను వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాను. ఆదివారం ఖమ్మం వెళ్లి తొమ్మిది పుస్తకాలు కొన్నాను: మహనీయుల జీవితాలు మూడు, విజ్ఞానం మూడు, మంచి అలవాట్లు రెండు, సాధారణ పరిజ్ఞానం ఒకటి. ఎంపికలో నేను పాటించిన కొలమానాలు కూడా చెబుతాను, దాచేదేముంది: అట్ట గట్టిగా ఉండాలి, కుట్టు ఊడకూడదు, అరలో ఎత్తు సమానంగా కనబడాలి.

చివరిది లాగ్‌షీటు. మా వర్క్‌షాపులో ప్రతి యంత్రానికీ ఒకటి వేలాడుతుంది: ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఎంత నడిచింది, ఏం లోపం కనబడింది. యంత్రానికే అంత శ్రద్ధ చూపుతున్నప్పుడు మేనకోడలికి చూపకపోతే ఎలా? గీతలు కొట్టి సరిత మంచం పక్కన గోడకు తగిలించాను. తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, చదివిన పేజీలు, రిమార్కులు, పర్యవేక్షకుని సంతకం. పర్యవేక్షకుడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటివారం సగటు గంటకు ఆరు పేజీలు. రెండోవారం నాలుగు. మూడోవారం రెండున్నర. ఆ అర పేజీ దగ్గర పిల్ల నిద్రపోయింది. రిమార్కుల గడిలో వరుసగా 'నిద్ర వచ్చింది', 'నిద్ర వచ్చింది', 'పైదే' అని రాసి ఉండేది. బావ ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"లోడు ఎక్కువైంది బామ్మర్దీ. తాడు తెగుతది."

నేను నవ్వాను. గని మనిషికి విద్యా విధానం గురించి ఏం తెలుస్తుందని నా లోపలి డిప్లొమా నాతో అన్నది.

ఉత్పత్తి పడిపోతే కారణం కనుక్కోవాలి. పని చేసే చోట అనవసరమైన సామాను ఉంటే పని సాగదని మా ఫోర్‌మన్ చెప్పేవాడు. సరిత మంచం కిందికి వంగి చూస్తే బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే జీలకర్ర వాసన. లోపల నిండా నలిగిన కాగితాలు, నూనె మరకలతో, పసుపు మరకలతో, కొన్ని సగానికి చిరిగి. లోపం దొరికిందని సంతోషపడ్డాను. ఒక్క కాగితం విప్పి చదవాలని తోచలేదు. చెత్తను చదివేవాళ్లు ఎవరుంటారు?

మర్నాడు పొద్దున అక్కకు సాయం చేద్దామని బొగ్గు పొయ్యి నేను ముట్టించాను. మా కాలనీలో పొద్దున్నే ప్రతి ఇంటి ముందు ఒక పొయ్యి ఉంటుంది. పచ్చిపొగ అంతా బయటే పోయి, బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి ఎత్తుకుపోతారు. ఎర్రబడేదాకా అక్క రోజూ పుల్లలతో, కిరోసిన్ గుడ్డతో, విసనకర్రతో యుద్ధం చేసేది. నేను డబ్బాలో కాగితాలన్నీ అడుగున పేర్చి ఒక్క పుల్ల గీశాను. భగ్గున అంటుకుంది. అంత చక్కగా ఆ వీధిలో ఏ పొయ్యీ అంటుకుని ఉండదు. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా చూశారు.

సరిత పళ్లపొడి నోట్లో పెట్టుకుని బయటికి వచ్చింది. మంట చూసింది. పక్కన ఖాళీ డబ్బా చూసింది.

"మామా, అవి ఏడియి?"

"నీ మంచం కింది చెత్త. ఒక్క పుల్లకే ఎట్లంటుకుందో చూడు."

పిల్ల కదల్లేదు. పళ్లపొడి నురగ గడ్డం మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు.

"అది నా సీరియల్ మామా," అన్నది.

సంగతేమిటంటే, వీధి చివర నాగమ్మ దుకాణంలో దినుసులు పాత వారపత్రికల కాగితాల్లో పొట్లాలు కట్టి ఇస్తారు. ఏడాది కిందట ధనియాల పొట్లం విప్పుతుంటే సరితకు ఒక సీరియల్ పేజీ తగిలింది. మంచి పట్టులో ఆగిపోయింది. ఇంకో పేజీ కోసం మెంతులు తెచ్చింది. అప్పటినుంచి దుకాణం పని ఎవరు చెప్పినా తనే పరుగెత్తేది. తెచ్చిన కాగితాలను వేడినీళ్ల చెంబు అడుగుతో ఇస్త్రీ చేసి, ముందు ఏది, వెనక ఏది అని కథను బట్టి తనే వరుస కట్టుకునేది. నలభై మూడు పేజీలు. అక్క చెంపకు చేయి పెట్టుకుని, అందుకేనా ఇది జీలకర్ర అంటే చాలు ఉరుకుతదని, తన కూతురు పనిమంతురాలని ఏడాదిగా వాడకంతా చెప్పుకుంటున్నానని వాపోయింది.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు దాకా కూడా పోలేదు, నేరుగా అగ్గిపుల్ల గీశాను. చదవని పిల్ల చేత చదివించడానికి వచ్చి, ఆ పిల్ల చదివేదంతా కాల్చి దానిమీద టీ పెట్టించాను. ఆ టీ నేనే తాగాను కూడా.

"ఇంక నేనేది చదవ," అన్నది సరిత. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత నయంగా ఉండేది.

అక్క ఆ పూట నాతో ఒక్కటే అన్నది. "బాగు చెయ్యమని ఇస్తే, నడిచే మిషన్ను ఆపినవ్‌రా."

అయిదు రోజులు సరిత నాతో మాట్లాడలేదు. లాగ్‌షీటు నేనే తీసేశాను. ఆరో రోజు ఆమె పుస్తకాల అర ముందుకు వచ్చి నిలబడింది. నాకు ఆశ పుట్టింది.

"మామా, ఈ తొమ్మిదిట్ల నువ్వెన్ని చదివినవ్?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను, కానీ వెనక మంచం మీద బావ ఉన్నాడు.

"ఒక్కటి గూడ చదవలే," అన్నాను.

"నాకెట్ల తెస్తివి మరి?"

మాట మార్చడానికి, ఆ సీరియల్లో ఏముండేదని అడిగాను. ఆమె గోడకేసి తిరిగింది. గోడతోనే చెప్పింది: వసుధ అనే అమ్మాయి ఎక్కిన బస్సుకు ఘాట్ రోడ్డు మీద బ్రేకులు పోయాయట. అక్కడే కథ ఆగిందట. నేను ఊరుకోవలసింది. కానీ లోపల డిప్లొమా ఒకటుంది కదా.

"బ్రేకులు పోతే ఏమైంది, హ్యాండ్‌బ్రేకు ఉంటది గదా."

సరిత గిర్రున నా వైపు తిరిగింది. "ఆ తీగ ఆమె మరిది ముందే కోసిండు. అది మెంతుల పేజీల ఉంది. నువ్వు కాల్చినవ్."

"గేరు తగ్గిస్తే ఇంజనే ఆపుతది."

"డ్రైవర్‌కు గుండెనొప్పి వచ్చింది. ఆవాల పేజీ. అది గూడ కాల్చినవ్. మామా, మధ్యల మాట్లాడకుండ వింటవా, వినవా?"

విన్నాను. నలభై మూడు పేజీలు మాట పొల్లుపోకుండా చెప్పింది. అయిపోయేసరికి అక్క బియ్యం చాట పక్కన పెట్టి కూర్చుంది, బావ డ్యూటీకి ఆలస్యమయ్యాడు. నాకు ఒకటే చింత పట్టుకుంది. ఆ బస్సు ఎలా ఆగింది? వర్క్‌షాపులో లేత్ యంత్రం ముందు నిలబడి కూడా అదే ఆలోచన. ఇంజనీరింగు ప్రకారం దానికి ఆగే దారి లేదు.

సాయంత్రం ఇద్దరం నాగమ్మ దుకాణానికి వెళ్లాం. పాత పత్రికల కట్ట అమ్మమని అడిగాను. నాగమ్మ నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"కాయితం నీకిచ్చి, జీలకర్ర దోసిట్ల పోసియ్యాల్నా సారూ? అయినా వారానికి సరిపడ పొట్లాలు కట్టుడైపాయె. కావాలంటే పొట్లం కొను."

కొన్నాం. ఆ పత్రిక కాగితంతో కట్టినవన్నీ జీలకర్ర పొట్లాలే. లోపల ఏ పేజీ ఉందో విప్పితే గాని తెలియదు. ఒకదాంట్లో వంటల శీర్షిక, ఒకదాంట్లో వారఫలాలు. నా రాశికి ఆ వారం బంధువులతో మనస్పర్థలు అని ఉంది. మూడో రోజు వసుధ పేరున్న పేజీ దొరికింది, కానీ అది బస్సు ఎక్కకముందుది. మిగిలిన పొట్లాలు అప్పటికే వాడలో ఇళ్లకు చేరాయి. ఇల్లిల్లూ తిరిగాం. "మీ జీలకర్ర పొట్లం ఒకసారి చూపిస్తరా?" అని అడిగే డిప్లొమా హోల్డరును మీరు చూసి ఉండరు. దవాఖానాలో ఆయాగా పనిచేసే మరియమ్మ పొట్లం తెచ్చింది గాని చేతికివ్వలేదు. ముందు జరిగిన కథ చెబితేనే ఇస్తానన్నది. సరిత గడపలో కూర్చుని మళ్లీ మొదటినుంచి చెప్పింది. అంతా విని మరియమ్మ పొట్లం విప్పింది. సబ్బు ప్రకటన.

"ఇట్ల ఎన్నిళ్లు తిరుగుతరు?" అన్నది ఆమె. బజారులో గ్రంథాలయం ఉందని, అక్కడ పాత వారపత్రికలు ఏడాదికొక కట్టగా కుట్టి పెడతారని చెప్పింది.

దారిలో సరిత నా చొక్కా పట్టుకుని లాగింది. "మామా, నాకు గ్రంథాలయం కార్డు తీయిస్తవా?"

ఆ మాట నేను అడిగించలేదు. అడిగించడానికి చేసినవన్నీ చేశాక, అవన్నీ పాడయ్యాక, దానంతటదే వచ్చింది. తీయించాను.

పెద్ద అట్టల కట్ట బల్ల మీద పెట్టుకుని సరిత మధ్యాహ్నమంతా తల ఎత్తలేదు. ఎన్ని పేజీలు అయ్యాయని అడగబోయి నోరు మూసుకున్నాను. మూసే వేళకు అటెండరు గంట కొట్టాడు. ఆమె కట్ట మూసి లేచింది. మొహం వెలిగిపోతోంది.

"బస్సు ఆగిందా?" అన్నాను.

"అవ్."

"ఎట్ల ఆగింది?"

"చదువుకో మామా," అన్నది. "నేను చెప్ప."

మర్నాడు నా పేరు మీద కూడా ఒక కార్డు తీసుకున్నాను.

ఆ బల్ల మీద చేయి పెట్టి ఒట్టు వేసుకున్నాను: ఈ జన్మలో ఏ కాగితాన్నీ రెండువైపులా చదవకుండా పొయ్యిలో వేయను, నేను చదవని పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టను, చదివే మనిషి పక్కన వాచీ పట్టుకుని నిలబడను.

బడి తెరిచే నాటికి ఇంట్లో జీలకర్ర నిల్వ: మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.