కమాను మూసి కట్టిన గది

మేం కాపురమున్నది నిజానికి వరండాలో. కోల్‌కతా నడిబొడ్డున, బౌబజార్ సందులో, వీధివైపు వరసగా కమానులున్న పాత మేడ అది. మేం రాకముందెప్పుడో రెండు కమానులను ఇటుకలతో మూసేసి, ఆ చోటును గదిగా అద్దెకిచ్చారు. నాన్న ఖిదిర్‌పూర్ రేవులో పనిచేసేవాడు. అమ్మ దగ్గర్లోని బడిలో ఆయా. నాన్న పోయాక మేమిద్దరం అక్కడే ఉండిపోయాం.

మేడ పడగొట్టడానికి బిల్డరు మనుషులు వచ్చిన రోజు, మిగతా అద్దెవాళ్లతో పాటు అమ్మ కూడా వీధి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఊరికే కూర్చోలేక చేటలో బియ్యం ఏరింది.

"కొట్టండి. ముందు నన్ను కొట్టి, తర్వాత గోడ కొట్టండి," అంది, తెలుగులోనే.

వాళ్లకేం అర్థమయిందో గానీ వెనక్కి వెళ్లారు. ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరిగాం. చివరికి మేడను కాపాడాల్సిన కట్టడంగా ప్రకటించారు. ఆ సాయంత్రం అందరం సందేశ్ మిఠాయి పంచుకున్నాం.

కొన్నాళ్లకు మరమ్మతు పని చూసే ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. మా గోడను వేళ్లతో తట్టి చూసి, అమ్మతో బెంగాలీలో మెల్లగా చెప్పింది: "మాశీమా, కమానులన్నీ మళ్లీ తెరవాలి. ఈ గోడ తర్వాత కట్టింది. దీన్ని ఉంచడానికి వీల్లేదు."

"ఏటంటాదే ఈ పిల్ల?" అని అమ్మ నన్నడిగింది. బెంగాలీ అమ్మకు నాకంటే బాగా వచ్చు.

"మన గది తీసేస్తారంట."

అమ్మ పొయ్యి మీది పాలు పొంగకుండా దింపింది. "మేడ నిలబడాలని మనవేఁ అన్నాం గదా. తియ్యమను."

ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. నాకు ఏడుపొస్తుందేమోనని కూడా చూశాను. ఏమీ రాలేదు. మేడమీద వెనకవైపు గది ఇస్తామన్నారు. మెట్లెక్కలేనని అమ్మ వద్దంది. వాట్‌గంజ్‌లో పిన్ని వాళ్ల పక్కన ఇల్లు చూసుకున్నాం.

పని పూర్తయ్యాక ఒకసారి వెళ్లాం. అప్పుడే వాన మొదలైంది. తడవకుండా జనం కమానుల కింద చేరారు. మా మంచం ఏ స్తంభాల మధ్య ఉండేదో పోల్చుకోబోయాను. అన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి. అమ్మ కొత్త సున్నాన్ని చేత్తో తడిమింది.

"బాగా సేసినారు," అంది.

ఫోటో తీస్తున్న ఒకాయన కాస్త పక్కకు జరగమన్నాడు. ఇద్దరం జరిగాం. వాన తగ్గేదాకా నిలబడి, బస్సెక్కి వచ్చేశాం.