ఏడ్వకూడని కన్ను

కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టర్ అమ్మకు మూడు మాటలు చెప్పాడు. కన్ను నలపొద్దు, తల వంచొద్దు, ఏడ్వొద్దు. మొదటి రెండింటికీ సరేనంది. మూడోదానికి నా వైపు చూసింది.

అమ్మకు ఉన్నది ఆ ఒక్క కన్నే. ఎడమది నేను పుట్టకముందే, వరి కొడుతుంటే గింజ ఎగిరొచ్చి తగిలి పోయింది. పైగా ఏడవడం అమ్మకు ఒక బాధ్యత. బీర్కూర్ పక్కన మా ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా వెళ్లేది. ఆ ఇంటి ఆడమనిషి మెడ చుట్టూ చేతులు వేసి, పోయినవాళ్ల మంచితనమంతా తలచుకుంటూ శోకం పెట్టేది. మాటల్లేని వాళ్ల ఇంటికైనా సరే. ఎవరూ ఒంటరిగా ఏడవకూడదని అమ్మ పట్టుదల. నేనేమో అలాంటి ఇళ్లలో గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడే రకం.

బాన్సువాడలో నా కిరాయి ఇంటికే అమ్మను తెచ్చుకున్నాను. టీవీ బంద్. సీరియల్లో అత్త ఓ మాట అంటే చాలు, కోడలి కన్నా ముందు అమ్మకు నీళ్లు తిరుగుతాయి. ఊరి నుంచి ఫోన్ వస్తే నేనే ఎత్తి, ఎవరూ పోలేదని తేలాకే అమ్మ చేతికిచ్చేదాన్ని. మూడో రోజుకు అమ్మకు విసుగొచ్చింది.

"ఎప్పుడు జూసినా గా బుక్కు పట్టుకునే ఉంటవ్. గదన్న చదివి చెప్పరాదు?"

అది ఈ మధ్యే వచ్చిన ఆఫ్రికన్ నవల. జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే నాకు కొన్నేళ్లుగా ఆ నవలల పిచ్చి. అప్పటికి సగం దాకా చదివాను. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి అమ్మ, అంత దూరపు మనుషుల కోసం కన్నీళ్లు రావులే అనుకున్నాను. సాహిత్యానికి దూరాలు లేవని క్లాసులో గొంతు చించుకునేది కూడా నేనే.

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, కంట్లో చుక్కలు వేసి, తెలుగులో చెప్పుకుంటూ చదివేదాన్ని. లారీల అడ్డా దగ్గర పల్లీలు ఉడకబెట్టి అమ్ముకునే ఒక తల్లి, పట్నంలో పనికి పోయిన కొడుకు. ఆ రచయిత్రి తన భాష మాటలను ఇంగ్లిష్‌లోకి మార్చకుండా అలాగే వదిలేసింది. వాటి అర్థాల కోసం నేను ఫోన్‌లో తెగ వెతికేదాన్ని. అమ్మకు ఆ అవసరమే రాలేదు. ఒక తిండి పేరు చదవగానే "మన గట్క లెక్కది" అంది. తర్వాత చూస్తే నిజంగానే జొన్నపిండితో చేసే జావ. నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది. అమ్మ అప్పుడే ఆ ఊళ్లో కాపురం పెట్టేసింది.

ఐదో రోజు కాలేజీలో, ఖాళీ పీరియడ్‌లో ముందుకు చదివాను. పట్నంలో కాల్పులు జరిగి కొడుకు చనిపోతాడు. శవం దొరకదు. శవం లేని చావుకు ఏడవకూడదని ఊరి పెద్దలు అంటారు. ఒక్క ఆడమనిషి కూడా ఆ తల్లి గుమ్మం తొక్కదు.

ఇంటికొచ్చి, పుస్తకం తెరిచి, ఆ కొడుకును ప్రాణాలతో లారీలోంచి దింపేశాను. తల్లికి కొత్త బట్ట తెచ్చాడన్నాను. అమ్మ కాసేపు విని, "పేజీ తిప్పుతలేవేంది?" అంది.

గబుక్కున ఒక పేజీ తిప్పాను.

"సచ్చిపోయిండా పిలగాడు?"

"అమ్మా, డాక్టర్ ఏమన్నడు? ఉన్నదే ఒక్క కన్ను."

"కన్ను నాది. నడుమ ఆపితే ఇంకా ఫికరైతది. చదువు."

చదివాను. పేజీని కాదు, అమ్మ నల్లద్దాల అంచునే చూస్తూ చదివాను. అమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

"ఒక్కతన్న రాలేదా ఆమె దగ్గరికి?"

"రాలేదు."

అమ్మ గడ్డం వణికింది. పుస్తకం మూసేశాను. ఆ కన్ను కాస్తా పోతే నేనే పోగొట్టినదాన్ని అవుతాను. అమ్మ గట్టిగా ఊపిరి తీసుకుని నా వైపు తిరిగింది.

"నువ్వేడువు" అంది.

"నేనా?"

"డాక్టర్ నన్ను వద్దన్నడు. నిన్ను అనలే గద."

ముందు నవ్వొచ్చింది. ఇలాంటి నవలల్లో ఎన్ని చావులు చదివానో, క్లాసులో పనికొస్తాయని పెన్సిలుతో ఎన్ని గీతలు గీశానో! ఒక్కదానికీ ఏడవలేదు. అమ్మ తొడ కింది నుంచి చెయ్యి తీసి నా మెడ చుట్టూ వేసింది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ తల్లి కోసమో, ఐదు రోజులుగా దిగమింగుకున్న భయం కోసమో తెలియదు. నేను ఏడుస్తున్నంత సేపూ అమ్మ తల వంచకుండా నిటారుగా కూర్చుంది.

పై వారం డాక్టర్ కంట్లో లైటు వేసి చూసి, బాగుందన్నాడు. "ఏడ్వలేదు గదా?" అని అడిగాడు.

"నేనేడ్వలే సార్" అంది అమ్మ. "నా బదులు నా బిడ్డ ఏడ్సింది."