నన్ను కింది స్వరానికి మార్చినప్పుడు

సూర్యాపేటలో మా చర్చి ఆడవాళ్ళ క్వయర్‌లో నేను చిన్నప్పటి నుంచీ పై స్వరమే పాడేదాన్ని. జనానికి వినిపించే ఆ రాగమే పాటంటే అనుకునేదాన్ని. మూడేళ్ళ కిందట కోదాడ నుంచి కొత్త పాస్టరు వచ్చారు. ఆయన భార్యను మేమంతా అమ్మగారు అంటాం. క్వయర్ నేర్పే పని ఆమే తీసుకున్నారు. వచ్చిన రెండో ప్రాక్టీసులోనే నన్ను పక్కకు పిలిచి, ఇకనుంచి కింది స్వరం, అంటే ఆ రాగంతో పాటే తగ్గు గొంతులో సాగే వేరే వరస, పాడమన్నారు.

ఆ ఆదివారమే ఆమె చెల్లెలి కూతురు, డిగ్రీ చదివే పిల్ల, నేను నిలబడే చోట నిలబడింది. ఇంకెవరూ నాకు విడమరచి చెప్పక్కర్లేదు అనుకున్నాను.

నాతోపాటు కిందికి వచ్చిన ఇంకొకామె తుంగతుర్తి మనిషి, ఇక్కడి దవాఖానలో నర్సు. ఆమె అనుమానం వేరు. వయసు మీదపడ్డ వాళ్ళను ముందు వెనక్కి జరిపి, తర్వాత మెల్లగా తీసేస్తారని అనేది. మా ఇద్దరికీ శనివారం మధ్యాహ్నం చర్చి వెనక గదిలో విడిగా నేర్పేవారు. తలుపు మూసేవారు. మా గొంతులు బయటికి పోకూడదనే కాబోలు అనిపించేది.

ఇంట్లో వంట చేస్తూ ఆ స్వరం పాడి చూసుకునేదాన్ని. అది ఒకే చోట తిరుగుతూ, కాస్త దిగి, మళ్ళీ అక్కడికే వచ్చేది. మా ఆయన పేపరు దించి, "గదేం పాట? ఎవలో పాడుతుంటే నువ్వు ఊ కొట్టినట్టున్నది," అన్నాడు. నాకూ అదే సందేహం, మాకిచ్చింది అసలు పాటేనా అని.

ఆ ఏడు మిర్యాలగూడలో ఆడవాళ్ళ కూటానికి మూడు ఊళ్ళ క్వయర్లు కలిసి పాడాలన్నారు. బస్సులో వెళ్ళాం. కూటానికి ముందు రిహార్సల్‌లో అమ్మగారు మా ఇద్దరినీ అందరి మధ్యలో, మైకు దగ్గర నిలబెట్టారు. ఇన్నాళ్ళూ వెనక ఉంచి ఇప్పుడు ముందుకెందుకు? తప్పు పాడితే నలుగురిలో దొరికిపోవాలనా?

నేను పాడకపోతే ఎవరికైనా తెలుస్తుందో లేదో చూద్దామని, రెండో చరణంలో పెదాలు మాత్రం కదిలించాను. నా గొంతు ఆసరాతో పాడే నర్సు కూడా ఆగిపోయింది. రాగం ఆగలేదు గానీ పలచబడిపోయింది. అంతసేపూ నిండుగా ఉన్న ఆ పిల్ల గొంతు బెదిరినట్టు వినిపించింది. తల తిప్పి నా వైపే చూసింది. తర్వాతి మాట దగ్గర నేను అందుకున్నాను. వెంటనే ఆమె గొంతు కుదుటపడింది. నా స్వరం నాకు విడిగా వినపడలేదు, ఆమె పాటలో వినపడింది.

తిరుగు ప్రయాణంలో అమ్మగారి పక్కన కూర్చుని అడిగేశాను. "అమ్మగారూ, నిజం జెప్పుండ్రి. మీ పిల్ల కోసమే నన్ను కిందికి పంపిండ్రు గదా?"

"అదీ ఉందండి," అన్నారు. "దానికి పైన తప్ప పాడటం రాదు. పక్కవాళ్ళ పాట వింటూ మన పాట మనం పాడటం అందరివల్లా కాదు. మీవల్ల అవుతుందనిపించింది."

అంటే నా అనుమానంలో సగం నిజమే. మిగతా సగం మెచ్చుకోలో, సర్దిచెప్పడమో నాకిప్పటికీ తేలలేదు. అయితే అప్పటినుంచి ఆడవాళ్ళు ఎక్కడ కలిసి పాడినా, కింద ఎవరున్నారా అని నా చెవి వెతుకుతుంది. దొరికితే పై రాగం వదిలేసి దాని వెంటే పోతుంది.

కిందటేడు ఆ పిల్లకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అమ్మగారు నన్ను మళ్ళీ పై స్వరానికి రమ్మన్నారు. కింద నేనేమైనా తప్పు పాడుతున్నానేమోనని ముందు అనుమానమే వచ్చింది. తర్వాత, "ఇంకెవరినన్న సూస్కోండ్రి అమ్మగారూ, నేను గీడనే ఉంట," అన్నాను.

ప్రాక్టీసు అయ్యాక, చెప్పులు వేసుకుంటుంటే నర్సు నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందక్కా, పైకి రమ్మంటే పోనంటివి. సాటుగ అమ్మగారు నీకేం జెప్పింది?" అని మెల్లగా అడిగింది.