అద్దాలక్క మూడో ముక్కు

ఆ వీధిలో ఆమె అసలు పేరు అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. అద్దాలక్క అనండి చాలు, చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చి కళ్ళజోళ్ళ దుకాణం గుమ్మంలో దిగబెడతారు. కళ్ళు పరీక్ష చేసే డాక్టరు వేరే ఉన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చినవాళ్ళకి ఏ ఫ్రేము నప్పుతుందో చూసి, ముక్కు దగ్గర కాస్త వంచి, చెవుల వెనక కాస్త నొక్కి, "ఇప్పుడు తల దించండి, ఇప్పుడు గట్టిగా విదిలించండి" అని నవ్వించి, జోడు జారకుండా కూర్చోబెట్టే పని అద్దాలక్కది. ఊళ్ళో సగం మంది ముక్కులు ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. కస్టమర్ల పేర్లు మర్చిపోతుందేమో గానీ ముక్కులు మర్చిపోదు.

ఇంతమంది ముక్కుల్ని ఓపిగ్గా చూసుకునే మనిషికి తన ముక్కంటే మాత్రం పడేది కాదు. తండ్రి నుంచి వచ్చిన ముక్కు అది. నడుమ చిన్న గూను, కొసన కిందికి ఒక వంపు. చిన్నప్పుడు బళ్ళో గద్ద అన్నారు, ఆమె ఏడ్చింది, అందరూ మర్చిపోయారు. ఆమె కూడా మర్చిపోయేదే. కానీ చేసే పని మర్చిపోనివ్వలేదు. మామూలుగా మనమంతా మన మొహాన్ని ఎదురుగా మాత్రమే చూసుకుంటాం. పక్కనుంచి ఎలా ఉంటామో మనకి సరిగ్గా తెలియదు, తెలియకపోవడమే మంచిది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆ అదృష్టం లేదు. నాలుగు వైపులా అద్దాలే. కస్టమరు వైపు వంగితే కుడి అద్దంలో ముక్కు, లేచి నిలబడితే ఎడమ అద్దంలో ముక్కు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఆ ముక్కు ఆమె వెంట తిరుగుతూనే ఉండేది.

చివరికి ఒకరోజు అన్నాల దగ్గర బయటపెట్టింది.

"ఏమండీ, నేను ముక్కు ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నా."

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాట తక్కువ మనిషి. నమిలింది మింగి అడిగాడు.

"గాలి ఆడట్లేదా?"

"ఆడుతోంది."

"వాసన తెలియట్లేదా?"

"తెలుస్తోంది."

"మరి బాగా నడుస్తున్న మెషీన్ని విప్పకూడదంటారు మా పనిలో."

"నేనేం లిఫ్టునా?" అంది అద్దాలక్క.

అత్తగారు కంచంలోంచి తలెత్తింది. "ముక్కు కోయడమంటే శిక్ష అనుకున్నానే ఇన్నాళ్ళూ! ఇప్పుడు మనమే డబ్బులిచ్చి కోయించుకుంటున్నామా?" అని ముక్కున వేలేసుకుంది.

ఎవరేమన్నా అద్దాలక్క వినే రకం కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ముక్కులు సరిచేసే డాక్టరొకాయన కంప్యూటర్లో ఆమె ఫోటో పెట్టి, వేలితో ఇలా అన్నాడో లేదో, తెర మీద గూను మాయమైంది. ఇంత సులువైన పనికా తను ఇన్నేళ్ళు కుమిలిపోయింది అనుకుంది పిచ్చిది. తెర మీద ముక్కుకి నెత్తురు రాదనీ, వాపు రాదనీ ఆ సమయంలో ఎవరికి గుర్తొస్తుంది!

కట్టు విప్పిన రోజు మొహమంతా పొంగి ఉంది. "వాపు తగ్గనివ్వండి, అసలు అందం అప్పుడు బయటపడుతుంది" అన్నాడు డాక్టరు. నెలలు గడిచాయి, వాపు తగ్గింది, అందం మాత్రం బయటపడలేదు. గూను పోయింది నిజమే. పోతూ పోతూ ముక్కుకున్న వెన్నెముకని కూడా పట్టుకుపోయింది. నడుమ, పిండి మీద బొటనవేలితో నొక్కినట్టు ఒక లొట్ట. కొస ఏమో ఎడమవైపు ఎవరో పిలిస్తే తిరిగినట్టు కాస్త పక్కకి జరిగింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని అత్తగారు తన వంతు తీర్చుకుంది. భర్తని పట్టుకుని నిలదీస్తే చాలాసేపు చూసి, "ముందుకంటే తేలిగ్గా ఉంది" అన్నాడు. పదిహేడేళ్ళ కూతురు మాత్రం పగలబడి నవ్వింది. "అమ్మా, నువ్వు నువ్వులా లేవు. నీ పోలికలున్న దూరపు చుట్టమెవరో వచ్చి మనింట్లో దిగినట్టుంది!"

అద్దాలక్క స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఏడ్చాక ముక్కు చీదబోయి, నొప్పికి కెవ్వుమని అరిచి, ఆ అరుపుకి తనకే నవ్వొచ్చి బయటికి వచ్చేసింది. ఆవిడ స్వభావమే అంత. దుఃఖం వస్తుంది గానీ, దానికి కూర్చోవడానికి కుర్చీ వెయ్యదు.

అందం సంగతి దేవుడెరుగు, అసలు తంటా కళ్ళజోడుతో వచ్చింది. ఆమెకి దూరపు చూపు బొత్తిగా ఆనదు. జోడు తీస్తే ఎదురుగా ఉన్నది మొగుడో బీరువానో పలకరిస్తే గానీ తెలియదు. కంట్లో పెట్టుకునే లెన్సులు పడవు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి. ఆపరేషన్ అయిన కొత్తలో ముక్కు మీద బరువు పెట్టొద్దంటే జోడుని ప్లాస్టరుతో నుదుటికి అంటించుకుని తిరిగింది. పెట్టుకోవచ్చన్నాక చూస్తే, జోడు ఆగడానికి అక్కడ ఆధారమే లేదు. నడుమ లొట్టలో దిగబడి, అక్కడినుంచి కొసకి జారి, తల కాస్త వంచితే చాలు కిందపడేది.

ఒక రోజు రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన కొత్త జోడు కోసం వచ్చాడు. అద్దాలక్క ఆయన ఫ్రేము వంచి, నొక్కి, పెట్టి చూసి, "ఇంక తల కిందులుగా నిలబడినా జారదు మాష్టారూ, నాదీ పూచీ" అంది. ఆ మాట పూర్తవకుండానే ఆమె జోడు జారి ఆయన తాగుతున్న టీ కప్పులో పడింది.

ఆయన చెంచాతో మెల్లగా పైకి తీసి, చేతిరుమాలుతో తుడిచి ఇచ్చాడు. "అమ్మా, నీది ఎవరు బిగించారో గానీ, వాళ్ళ దగ్గరికి మాత్రం నన్ను పంపకు" అన్నాడు.

అద్దాలక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతున్నప్పుడు కూడా జోడు చేత్తో పట్టుకునే నవ్వాల్సి వచ్చింది. ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. మెత్తటి రబ్బరు దిండ్లు అతికించింది. మెడకి తాడు కట్టింది. అత్తగారు పాత పైజామా ఎలాస్టిక్ తీసి తల చుట్టూ కుట్టిచ్చింది. దాంతో జోడు నిలబడింది గానీ, చూసినవాళ్ళు ఈత కొలను ఎక్కడని అడగసాగారు. దుకాణం యజమాని పెద్దాయన ఒకసారి పక్కకి పిలిచి, "అమ్మా, మన దుకాణానికి నీ మొహమే బోర్డు కదా" అని ఊరుకున్నాడు. మంచాయన కాబట్టి అంతటితో ఊరుకున్నాడు.

మరో డాక్టర్ని చూడక తప్పదని తేలిపోయింది. ఈసారి వెళ్ళింది ఒక డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ దగ్గర తెరలూ మాయలూ లేవు. ముక్కుని పైనుంచి కిందికి వేలితో తడిమి, లోపల లైటు వేసి చూసి, ముక్కుసూటిగా చెప్పింది.

"మొదటి ఆపరేషన్ అయి ఏడాది నిండాలి, అప్పటిదాకా కత్తి ముట్టుకోను. తర్వాత రెండు దారులు. కొస ఒక్కటీ సరిచేసి, లొట్ట అలాగే వదిలేస్తే సన్నగా నాజూగ్గా కనిపిస్తారు. జోడు మాత్రం జారుతూనే ఉంటుంది. లేదంటే చెవి వెనక నుంచి కొంచెం మృదులాస్థి తీసి నడుమ పేరుస్తాను. జోడు నిలబడుతుంది, కానీ గూను ఎంతో కొంత మళ్ళీ వస్తుంది. బాగా ఆలోచించుకోండి. కోసిన చోటే మళ్ళీ మళ్ళీ కోస్తే ముక్కు తట్టుకోదు. ఇదే ఆఖరు."

ఇంటికొచ్చి చెబితే భర్త అడిగాడు. "ముక్కు కోసం చెవి కోస్తారా? రేపు చెవి కోసం ఏం కోస్తారు?"

"మీ నాలుక" అంది అద్దాలక్క.

పైకి అలా అన్నా లోపల పెద్ద మథనమే జరిగింది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా రెండోదే ఎంచుకుంటారు. చూపు ముఖ్యం, పని ముఖ్యం. కానీ ఎన్నేళ్ళు తిట్టుకుని, ఎన్ని నొప్పులు పడి వదిలించుకున్న గూను అది! మళ్ళీ తనే వెళ్ళి తెచ్చి పెట్టుకోవాలా? నలుగురూ ఏమంటారు, ఆ సంబరానికి అసలెందుకు కోయించుకున్నావనరూ? ఏడాది గడిచేసరికి ఆమె మొదటి దారికే మొగ్గింది. కొస సరిచేయించుకుంటుంది. జోడంటారా, మెడలో తాడు ఉండనే ఉంది. డాక్టరమ్మకి ఆ మాట చెప్పడానికి రోజు కూడా కుదుర్చుకుంది.

ఆ వారంలోనే కూతురు కాలేజీ నుంచి దుకాణానికి వచ్చింది. దాని చూపు ఇంకొంచెం తగ్గింది, కొత్త జోడు కావాలి. మధ్యాహ్నం వేళ, దుకాణంలో వేరే ఎవరూ లేరు. అద్దాలక్క ట్రేలు పరిచి ఒక్కో ఫ్రేమూ పెట్టి చూస్తోంది. ఏది పెట్టినా దాని ముక్కు మీద చక్కగా కూర్చుంటోంది. వంచక్కర్లేదు, నొక్కక్కర్లేదు.

"ఇది బావుంది, తీసుకో."

"వద్దు" అంది కూతురు. "ముక్కు చిన్నగా కనిపించే ఫ్రేమ్ ఏదైనా ఉంటే ఇవ్వు."

ఈ మాట అద్దాలక్కకి కొత్త కాదు. రోజూ ఎవరో ఒకరు అడిగేదే. అలా అడిగినవాళ్ళ కోసం, నడుమ కమ్మీ కాస్త కిందికి దిగి ఉండే ఫ్రేములు వేరే సొరుగులో పెట్టింది కూడా. చెయ్యి అలవాటుగా ఆ సొరుగు మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"నీ ముక్కు పెద్దదని ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు."

"మరి?"

కూతురు నవ్వింది. ఎప్పుడూ నవ్వే పిల్లే, కానీ ఆ నవ్వు వేరేగా ఉంది. "నువ్వు నీది కోయించుకున్నావు కదమ్మా. నీదీ నాదీ ఒకటే ముక్కు కదా. నీకు అంత నచ్చనిది నా మొహం మీద మాత్రం బావుంటుందా?"

అద్దాలక్క కూతురి మొహంలోకి చూసింది. కూతురికి తన పోలికే అని పుట్టిన రోజు నుంచీ అందరూ అంటూనే ఉన్నారు, అచ్చుగుద్దినట్టు అదే గూను, అదే వంపు. కానీ కూతురి మొహం మీద అది ఆమెకి ఏనాడూ ముక్కులా కనిపించలేదు, కూతురిలా కనిపించింది. నిద్రపోతుంటే వంగి ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో ఆ గూను మీదే. తనది తను కోయించుకుంటుంటే ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని ఆ లెక్కంతా తన మొహానికి వేసుకుంటోందని ఆమెకి తట్టనే లేదు. సొరుగు తియ్యలేదు. తను ముందు చూపించిన ఫ్రేమే మళ్ళీ పెట్టి, "ఇదే తీసుకో, నా మాట విను" అంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు కూతురు తోడు వచ్చింది. రోడ్డు దాటుతుంటే జోడు జారితే పట్టుకునేవాళ్ళు ఉండాలిగా!

"ఏం ఆలోచించుకున్నారు?" అంది డాక్టరమ్మ.

"రెండోదే చేయండి. చెవి వెనక నుంచి తీసి పేర్చండి."

కూతురు తలతిప్పి తల్లి వైపు చూసింది.

"మంచిది. ఎంత ఎత్తు రావాలో చూసుకోవాలి. పక్కనుంచి తీసిన పాత ఫోటో ఏదైనా తెచ్చారా?"

పాత ఫోటో ఎక్కడిది? కెమెరా కనిపిస్తే ఎదురుగా తిరగడం, లేకపోతే ఎవరి భుజం వెనకో దాక్కోవడం, జీవితమంతా అదే పని. మొదటి డాక్టరు కంప్యూటర్లో ఉండే ఉంటుంది గానీ, చచ్చినా ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. అద్దాలక్క క్షణం ఆలోచించి, పక్కన కూర్చున్న కూతురి మొహం మీది జోడుని రెండు చేతులతో మెల్లగా తీసింది. గడ్డం పట్టుకుని డాక్టరమ్మకి కనిపించేలా పక్కకి తిప్పింది.

"నాకు ఇది కావాలండీ."

కూతురు మొహం కందగడ్డలా అయింది. డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని వచ్చి తీరిగ్గా చూసింది. "చక్కటి ముక్కు. ఇలాంటిదాన్ని ఎందుకు తీయించారండీ?"

"చుట్టూ అద్దాలు ఎక్కువైపోయి" అంది అద్దాలక్క. నవ్విస్తూ అనబోయింది గానీ నవ్వు కుదరలేదు.

"అచ్చం ఇలాగే రాదు. ముందే చెబుతున్నా."

"సగం వచ్చినా చాలు."

ఇద్దరూ బయటికి వచ్చారు. ఎదురెండ కొడుతోంది. అద్దాలక్క ఒక చేత్తో జోడు, ఇంకో చేత్తో కూతురి మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది.

"అమ్మా, నిజం చెప్పు" అంది కూతురు. "నీకు నిజంగా నచ్చే అడిగావా, నా కోసం అన్నావా?"

అబద్ధం చెప్పడం సులువే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ పిల్ల తన మొహం చూసి లోపలున్నదంతా చదివేస్తుందని ఆమెకి ఇప్పుడు తెలుసు.

"సగం నీ కోసం. ఒక పావు ఈ కళ్ళజోడు కోసం. నచ్చడం అంటావా, నీ మొహం మీద ఎప్పుడూ నచ్చింది. నా మొహం మీద నచ్చడానికి ఇంకా కాస్త టైమ్ పడుతుందే. ఇన్నేళ్ళు తిట్టుకున్నదాన్ని, ఒక్కరోజులో ఎలా మారతాను చెప్పు?"

కూతురు తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"పర్లేదులే. నాకూ ఇంకా పూర్తిగా నచ్చలేదు. ఇద్దరం కలిసి నచ్చించుకుందాం."