నాలుగో బెడ్ తువ్వాలు

“కాలిన గాయం ఒక్కటి సుత లేదు. ఇంటికి తోల్కపోత. మీకేం తక్లీఫ్?” అంది సుజాత.

“తోల్కపో. దారిల గొంతు మూసుకుంటే ఎవర్ని పిలుస్తవ్?” అన్నాను.

“నువ్వు ఆయమ్మవా, డాక్టరమ్మవా?”

“ఆయమ్మనే. జెర ఆగు.”

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి, పొగ పీల్చినవాళ్లను ఉంచే వార్డు. నా డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. అప్పుడు సమయం పదకొండు. బయట వాన. నాలుగో బెడ్ మీద సుజాత భర్త యాదగిరి. బన్సీలాల్‌పేట్‌లో పరుపుల దుకాణంలో పని. తెల్లవారుతుండగా దుకాణంలో స్పాంజి అంటుకుంటే, లోపల చిక్కిన ముసలి కుట్టుపనివాణ్ణి బయటికి లాక్కొచ్చాడు.

డాక్టరు వచ్చేలోగా సుజాత అతని మొహం కడిగింది, ముక్కు చీదించింది. మసి మొహంతో పెద్దవాళ్ల ముందు పడుకుంటే మర్యాద కాదని. డాక్టరు చూసింది శుభ్రమైన మొహం. ఆక్సిజన్ పెట్టి, మధ్యాహ్నం దాకా చూసి పంపుదామన్నాడు.

మొహం తుడిచిన తువ్వాలు పారేయమని సుజాత నాకిచ్చింది. నేను చదివింది మూడో తరగతి, కానీ గట్టి గుడ్డను పారేసే చదువు మాత్రం నాకు రాలేదు. నేల తుడవడానికి పనికొస్తుందని బకెట్‌లో వేసుకున్నాను. ఇప్పుడు దాన్నే తెచ్చి డ్యూటీ సిస్టర్ బల్ల మీద పరిచాను. చీదినచోట రెండు మచ్చలు, కాటుకంత నలుపు. ముక్కులోంచి మసి వచ్చిందంటే వేడి పొగ గొంతు లోపల కాల్చినట్టే, కాసేపటికి వాస్తుంది; ఈ వార్డులో చాలాసార్లు చూశాను.

డ్యూటీ సిస్టర్ ఫోనెత్తింది. “సార్, నాలుగో బెడ్. ముక్కులోంచి మసి వచ్చింది. గొంతు బొంగురు.”

“పంపొద్దు. తలవైపు ఎత్తండి. ఆక్సిజన్ తియ్యొద్దు. వస్తున్న.”

యాదగిరి నవ్వాడు. “ఏందీ ఆయమ్మా, నా చీమిడి సుత దాచిపెట్టినవా?”

అదీ బొంగురు గొంతుతోనే.

మూడింటికి ఆ గొంతు కూడా పోయింది. ఊపిరి తీస్తే ఈల. డాక్టరు మత్తిచ్చి గొంతులోకి గొట్టం దించాడు. అప్పటికే లోపల వాచింది. “ఇంకో అరగంటైతే గొట్టం దిగకపోతుండె,” అన్నాడు. సుజాత గోడకానుకుని నిలబడింది. ఇంటికి పోవడానికి సర్దిన సంచిని మంచం కిందికి తోసింది.

ఆరింటికి డ్యూటీ దిగి అల్వాల్ బస్సెక్కాను.

మర్నాడు పొద్దున ఆరింటికి వచ్చాను. మిషను ఊపిరి పోస్తోంది, యాదగిరి ఛాతీ సమంగా లేస్తోంది. వాపు దిగుతోందని సిస్టర్ చెప్పింది. సుజాత నల్లా దగ్గర ఆ తువ్వాలు ఉతుకుతోంది.

“ఇటియ్యి. అది నా పని,” అన్నాను.

ఇవ్వలేదు. గట్టిగా పిండి కిటికీ ఊచకు ఆరేసింది. గుడ్డంతా తెల్లబడింది. ఆ రెండు మచ్చలు పోలేదు.