ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా

ఆ ఉడుతపిల్ల కార్టూన్ సినిమాకి పేపర్లో సమీక్ష రాసినాయన ఎవరో నాకు తెలియదు. కనిపిస్తే మాత్రం దులిపేసేదాన్ని. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయన్నాడు, తెలుగు డబ్బింగ్ బాగా కుదిరిందన్నాడు, రెండో సగం కాస్త సాగిందని సన్నాయి నొక్కులు కూడా నొక్కాడు. ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకుని రావచ్చని ముగించాడు. అందులో తల్లి చచ్చిపోతుందన్న ముక్క ఎక్కడా లేదు. పిల్లల సినిమాలో తల్లి పోవడం ఆయనకి చెప్పుకోదగ్గ విషయం కాదేమో.

మా ఇంట్లో అప్పుడు అదే విషయం. తొంభైల చివరి మాట ఇది. జ్వరమని రాజమండ్రి ఆసుపత్రిలో చేరిన మా అక్క తిరిగి రాలేదు. దాని కూతురికి ఆరేళ్ళు. పెనుగొండ దగ్గర బావగారి ఊళ్ళో దహనం జరుగుతుండగానే పిల్లని తణుకులో మా ఇంటికి పంపేశారు. అమ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది, చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు అని చెప్పమన్నారు. కాస్త పెద్దయ్యాక చెబుదాంలే అని మా నాన్న, బావగారు ఒకే మాట మీద ఉన్నారు. నేను గొడవపడ్డాను. "పెళ్ళి కాని పిల్లవి, నీకేం తెలుసే?" అని మా అమ్మ నా నోరు మూయించింది. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూట నాకు పాచివాసన కొట్టింది.

మొదట్లో పిల్ల రోజూ అడిగేది. అమ్మ అన్నం తిందా, అమ్మకి సూది వేశారా అని. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి "తిందమ్మా" అనేది. ఒకరోజు నుంచి పిల్ల అడగడం మానేసింది. పసిది కదా, మరిచిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆ మానెయ్యడమే భయం వేసింది.

"పిల్ల దిగులుగా ఉంటోంది, ఈ సినిమాకి తీసుకెళ్ళవే" అని మా నాన్నే ఆ పేపరు నా చేతిలో పెట్టారు. ఆదివారం మార్నింగ్ షోకి వెళ్ళాం.

ఉడుతపిల్ల చింతకాయ కోసి ముసలి తాబేలు నెత్తిన పడేసినప్పుడు పిల్ల చప్పట్లు కొట్టి నవ్వింది. అక్క పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు. ఇంటర్వెల్లో పల్లీలు తిన్నాం. ఆ తర్వాత తెర మీద గాలివాన వచ్చింది. చెట్టు విరిగింది. తల్లి ఉడుత కిందపడి మళ్ళీ లేవలేదు. నేను బయటికి తీసుకుపోదామని చెయ్యి పట్టుకుంటే పిల్ల విడిపించుకుంది. తాబేలు వచ్చి ఉడుతపిల్ల పక్కన కూర్చుని, మీ అమ్మ చచ్చిపోయిందమ్మా, ఇక రాదు అని చెప్పింది. రెండూ కలిసి ఏడ్చాయి. హాల్లో పిల్లలంతా గొల్లుమన్నారు. మా పిల్ల కంట్లో చుక్క రాలేదు. కళ్ళార్పకుండా ఆ తాబేలునే చూసింది.

మా వైపు మార్నింగ్ షో వదలగానే, మ్యాట్నీకి నిలబడ్డవాళ్ళు గేటు దగ్గరే ఆపి టాక్ అడుగుతారు. పేపరు కన్నా ఆ మాట మీదే వాళ్ళకి గురి. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకొచ్చిన ఒకావిడ వంగి మా పిల్లని అడిగింది.

"బొమ్మ ఎలా ఉందమ్మా?"

"బాగుందండి. అందులో వాళ్ళమ్మ చచ్చిపోతే, చచ్చిపోయిందని పిల్లకి చెప్పేరండి."

ఆవిడకి అర్థం కాలేదు. "ఏడుపు సినిమానా ఏంటండి?" అని నన్నడిగింది. నేను పిల్లని ఎత్తుకుని సైకిల్ స్టాండు పక్కకి తీసుకెళ్ళి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పేశాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఇంతమందిమి కలిసి అన్ని అబద్ధాలు పేర్చాం గానీ, నిజం చెప్పడానికి రెండు మాటలు చాలాయి.

పిల్ల నా మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను పళ్ళు బిగబట్టుకుని వీపు నిమురుతూ ఉండిపోయాను. కాసేపటికి తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు కూడా ఏడు పిన్నీ," అంది.

అప్పటిదాకా దాని ముందు మా ఇంట్లో ఎవ్వరం ఏడవలేదు.